నెత్తుటి అట్టల పాత పత్రికలు: అమెరికన్ భయానక కామిక్ సంచికలను ఎలా ఎంచుకోవాలి, ఎలా కొనాలి, ఎలా దాచుకోవాలి

1960ల నడుమ నుంచి 1980ల తొలినాళ్ళ వరకు అమెరికాలోని పత్రికల దుకాణాల్లో, సమాధి లోంచి లేచే శవాలూ గొడ్డళ్ళూ కోరలూ నిండిన రంగుల అట్టలతో, లోపల నలుపు తెలుపు బొమ్మలతో కొన్ని భయానక కామిక్ పత్రికలు అమ్ముడయ్యేవి. అప్పట్లో పెద్దలు వాటిని చెత్తగా చూశారు, పిల్లలు పరుపు కింద దాచుకుని చదివారు. ఆ పిల్లలే పెరిగి పెద్దవారై, ఇప్పుడు అవే సంచికలను మంచి స్థితిలో సంపాదించడానికి ఒకరితో ఒకరు పోటీ పడుతున్నారు. డాలస్ చుట్టుపక్కలో న్యూజెర్సీలోనో స్థిరపడి, పాత కామిక్ దుకాణంలో ఇలాంటి అట్ట ఒకటి చూసి ఆగిపోయిన తెలుగువారికీ, ఇక్కడి నుంచే ఈబేలో వెతుకుతున్నవారికీ ఉపయోగపడేలా, ఎంపిక దగ్గర నుంచి భద్రపరచడం వరకు చేయవలసిన పనులను వరుసగా చెబుతాను. ఈ పత్రికలను చదవడానికే కొనాలన్నది నా అభిప్రాయం. కింద ఇచ్చిన సలహాలన్నీ దాని నుంచే వచ్చాయి కనుక, పెట్టుబడిగా కొనదలచినవారికి కొన్ని మాటలు రుచించకపోవచ్చు.

మొదట వీటి పుట్టుక తెలుసుకోండి

ఇవి ఎందుకు పుట్టాయో తెలియకపోతే ఏది కొనాలో తేల్చుకోలేరు కాబట్టి, డబ్బు తీయడానికి ముందు కొంత చరిత్ర చదవండి. 1950లో ఈసీ కామిక్స్ అధినేత విలియం గెయిన్స్ న్యూయార్క్ నుంచి మూడు భయానక కామిక్ పుస్తకాలను మొదలుపెట్టాడు. సమాధుల కాపరి, ముసలి మంత్రగత్తె వంటి వికార కథకులు పాఠకుడిని వెటకారంగా పలకరించి కథ మొదలుపెట్టడం, చివరికి పాపం చేసినవాడికి ఆ పాపానికి తగినట్టే ఘోరమైన శిక్ష పడటం వాటి పద్ధతి. అవి బాగా అమ్ముడుపోవడంతో ఇతర ప్రచురణకర్తలు అంతకన్నా మోటుగా అనుకరించారు. 1954లో మనోవైద్యుడు ఫ్రెడరిక్ వెర్థామ్ కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని వాదిస్తూ పుస్తకం ప్రచురించాడు. ఆ ఏడాది ఏప్రిల్ 21న బాలనేరాలపై ఏర్పడిన సెనేట్ ఉపసంఘం ముందు గెయిన్స్ సాక్ష్యం ఇచ్చినప్పుడు, సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ ఒక చేతిలో గొడ్డలి, మరో చేతిలో తెగిన స్త్రీ తల పట్టుకున్న మనిషి బొమ్మ ఉన్న అట్టను ఎత్తి చూపి, ఇది మంచి అభిరుచి అనిపించుకుంటుందా అని అడిగాడు. భయానక కామిక్ అట్టగా చూస్తే మంచి అభిరుచేనని, ఆ తలను ఇంకాస్త పైకి ఎత్తి రక్తం కారుతున్నట్టు చూపి ఉంటే కాదని గెయిన్స్ జవాబిచ్చాడు. ఆ జవాబు మరునాడు పత్రికలకెక్కి ఆయనను నవ్వులపాలు చేసింది.

అక్టోబరు నాటికి ప్రచురణకర్తలు తమకు తామే కామిక్స్ కోడ్ అనే నియమావళి విధించుకున్నారు. పిశాచాలు, నరతోడేళ్ళు, నడిచే శవాలు నిషిద్ధమయ్యాయి. పత్రిక పేరులో భయాన్ని సూచించే మాటలు వాడకూడదన్నారు. ఇది ప్రభుత్వ చట్టం కాకపోయినా, కోడ్ ముద్ర లేని కామిక్ పుస్తకాలను చాలామంది పంపిణీదారులు తీసుకోకపోవడంతో చట్టమంత పనీ చేసింది. అయితే ఈ కోడ్ చిన్న పరిమాణపు కామిక్ పుస్తకాలకే వర్తించేది, పెద్ద పరిమాణపు పత్రికలకు వర్తించేది కాదు. గెయిన్స్ తన హాస్య కామిక్ 'మ్యాడ్'ను 1955లో పత్రికగా మార్చడంతో ఆ దారి అందరి కళ్ళా పడింది. జేమ్స్ వారెన్ అనే ప్రచురణకర్త 1964లో 'క్రీపీ'ని తెచ్చింది ఆ దారినే. కామిక్ పుస్తకం 12 సెంట్లు ఉన్న రోజుల్లో దీని ధర 35 సెంట్లు. గెయిన్స్ దగ్గర పనిచేసిన జాక్ డేవిస్ మొదటి అట్ట వేశాడు, ఫ్రాంక్ ఫ్రజెట్టా ఆ తరువాతి అట్టలు చాలా వేశాడు. శవం లోంచి బేతాళుడు కథ చెప్పినట్టే ఇక్కడ అంకుల్ క్రీపీ అనే ముసలివాడు ప్రతి కథకూ ముందూ వెనుకా మాట్లాడతాడు.

ఏ వరుస సేకరించాలో తేల్చుకోండి

కనిపించిన ప్రతిదీ కొనేవారికి ఏడాది తిరిగేసరికి అలమర నిండుతుంది తప్ప సేకరణ అంటూ ఏర్పడదు. ముందు ఒక వరుసను ఎంచుకోండి. స్థూలంగా నాలుగు వంశాలున్నాయి.

వారెన్ పత్రికలు మొదటి వంశం. 'క్రీపీ' 145 సంచికలతో, 'ఈరీ' 139 సంచికలతో, 1969లో మొదలైన 'వాంపిరెల్లా' 112 సంచికలతో 1983లో ఆగిపోయాయి. అన్నీ పూర్తి చేయాలనుకోవడం కొత్తవారికి భారం కాబట్టి, ఆర్చీ గుడ్విన్ సంపాదకుడిగా ఉన్న కాలాన్ని, అంటే 'క్రీపీ'లో 17వ సంచిక వరకు, 'ఈరీ'లో 11వ సంచిక వరకు ఒక సేకరణగా పెట్టుకోమని నా సిఫారసు. రీడ్ క్రాండల్, అల్ విలియమ్సన్, గ్రే మారో, స్టీవ్ డిట్కో వంటివారు రంగుల ఆసరా లేకుండా నలుపు తెలుపుల్లో ఏమి చేయగలరో ఈ సంచికలు చూపిస్తాయి. 1966 నాటి 'క్రీపీ' 10వ సంచికలో గుడ్విన్ రాసి డిట్కో బొమ్మలు వేసిన కథ ఒకటి ఉంది: ఒక అరుదైన మాంత్రిక గ్రంథం కోసం ఎంతకైనా తెగించే సేకర్త కథ అది. పేజీల అడుగున కళ్ళను మాత్రమే దగ్గరగా చూపే సన్నని బొమ్మల వరుస సాగుతుంది. అది ఎవరి చూపో చివరికి వచ్చేదాకా తెలియదు. ఈ విద్యలోకి అడుగుపెట్టేవారు మొదట చదవవలసిన కథ అదేనని నేను అనుకుంటాను.

1967లో గుడ్విన్ వెళ్ళిపోయాక, డబ్బు ఇబ్బందులతో వారెన్ పాత కథలనే మళ్ళీ అచ్చువేసిన సంచికలు వచ్చాయి. వాటిని తక్కువ ధరకు దొరికితే తప్ప తీసుకోకండి. 1971 నుంచి స్పెయిన్ చిత్రకారులు, ముఖ్యంగా 'వాంపిరెల్లా'లో హోసే గొన్సాలెస్, మళ్ళీ ప్రాణం పోశారు. ఆ దశాబ్దం నడుమ రిచర్డ్ కార్బెన్, బెర్నీ రైట్‌సన్ వేసిన సంచికలు కొనదగినవి.

రెండో వంశం మైరాన్ ఫాస్ నడిపిన ఈరీ పబ్లికేషన్స్. పేరు చూసి వారెన్ 'ఈరీ'తో కలిపేసుకోకండి, ఈ రెండూ ప్రత్యర్థులు. ఫాస్ ఆ పేరు పెట్టుకోబోతున్నాడని తెలిసి, వారెన్ హడావిడిగా కొద్ది ప్రతులతో ఒక చిన్న 'ఈరీ' మొదటి సంచికను అచ్చువేసి పేరును కాపాడుకున్నాడు. అందుకే దుకాణాలకు మామూలుగా వచ్చిన 'ఈరీ' 2వ సంచికతో మొదలవుతుంది. ఆ చిన్న మొదటి సంచికకు దొంగ ప్రతులు కూడా తిరుగుతున్నాయి కనుక కొత్తవారు దాని జోలికి పోకపోవడమే మేలు. ఇక ఫాస్ పత్రికలు అసలైన నాసిరకం: 1950ల పాత కథలను తెచ్చి, వాటికి అదనంగా రక్తం చేర్చి, తరువాత అవే కథలను కొత్తగా గీయించి వేసుకున్నారు. అట్టల మీద మాత్రం ఒక్క బొమ్మలోనే రక్తపిశాచి, రంపం, శవపేటిక, పిచ్చి వైద్యుడు అందరూ ఇరుక్కుని ఉంటారు. ఒక అట్టలోని రాక్షసుడిని కత్తిరించి మరో అట్ట మీద అతికించిన సందర్భాలూ ఉన్నాయి. సిగ్గులేనితనం వల్లనే వీటికి ఇంతమంది అభిమానులున్నారని నేను నమ్ముతాను. వీటిని సేకరించేవారు సంఖ్యలను నమ్మకూడదు. 'వియర్డ్' అనే పత్రిక మొదటి సంచిక మీదే 1వ సంపుటం, 10వ సంఖ్య అని ఉంటుంది. పేరు, నెల, సంవత్సరం, అట్ట బొమ్మ, ఈ నాలుగూ కలిపి చూస్తేనే మీ దగ్గర ఏది ఉందో, ఏది లేదో తేలుతుంది.

మూడోది స్కైవాల్డ్ అనే ప్రచురణ సంస్థ. 1970 చివర నుంచి 1975 వరకు 'నైట్‌మేర్', 'సైకో', 'స్క్రీమ్' అనే మూడు పత్రికలను నడిపింది. మూడూ కలిపినా సంచికలు అరవైకి అటూ ఇటూగానే ఉంటాయి కాబట్టి, పూర్తి వరుస కూర్చాలన్న పట్టుదల ఉన్నవారికి ఇది సరైన లక్ష్యం. నాలుగోది 1973 నుంచి 1975 వరకు మార్వెల్ తెచ్చిన పెద్ద పరిమాణపు పత్రికలు. వాటిలో ముఖ్యమైన నాలుగింటికి ఒక్కొక్క పేరుతో 10 నుంచి 13 సంచికలు వచ్చాయి, సులువుగానే దొరుకుతాయి.

ప్రతిని పరీక్షించడం నేర్చుకోండి

సేకరణలో అసలు విద్య ఇదే. ఈ పత్రికల స్థితిని 0.5 నుంచి 10 వరకు అంకెలతో కొలుస్తారు. 2.0 అంటే నలిగినా అన్ని పేజీలూ ఉన్న ప్రతి, 6.0 అంటే చదివిన గుర్తులున్నా శుభ్రమైన ప్రతి, 9.4 అంటే దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్టున్న ప్రతి. చదువుకోవడానికి 3.0 నుంచి 6.0 మధ్య ఉన్నవి చాలు. అంతకు పైన ప్రతి అర మెట్టుకూ ధర పెరిగే తీరు, మీరు చదివే ఆనందం పెరిగే తీరుతో ఏ సంబంధమూ లేకుండా ఉంటుంది.

వారెన్ అట్టల్లో చాలావాటికి నేపథ్యం నల్లగా ఉంటుంది. అలాంటి ప్రతిని బల్లదీపం కింద పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా మెల్లగా వంచి చూడండి. వెన్ను వెంబడి, ముఖ్యంగా పిన్నుల దగ్గర, వెంట్రుక మందాన తెల్లని అడ్డగీతలు మెరుస్తాయి. పత్రికను తెరిచిన ప్రతిసారీ మడత దగ్గర సిరా పగిలి లోపలి కాగితం బయటపడటం వల్ల అవి ఏర్పడతాయి. అవి ఉండటం సహజమే. ఎన్ని ఉన్నాయి, ఎంత పొడవున్నాయి అన్నదే లెక్క. నల్లని అట్ట యాభై ఏళ్ళ తరువాత కూడా అంచుల్లో ఒక్క తెల్లని చుక్క లేకుండా ఉంటే మాత్రం అనుమానించండి. నల్ల మార్కర్ పెన్నుతో అంచులు దిద్ది అమ్మేవారున్నారు. అట్టను తిప్పి లోపలి వైపు అంచు చూస్తే, కాగితం పీల్చుకున్న సిరా సన్నని నీలి నలుపు మరకగా కనిపిస్తుంది. దీపానికి ఏటవాలుగా పట్టినప్పుడు దిద్దిన చోట మెరుపు వేరుగా ఉంటుంది.

తరువాత పిన్నులు చూడండి. తుప్పు పట్టి ఉంటే ఆ పత్రిక తేమలో ఉండి వచ్చిందని అర్థం. తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగులోకి మారి ఉంటే, రేపో మాపో అక్కడ చిరుగుతుంది. నడిమి పేజీల జత పిన్నుల నుంచి ఊడిపోయిందేమో తెరిచి చూడండి. ఆ తరువాత పేజీలు లెక్కపెట్టండి, ముఖ్యంగా చివరి పేజీలు. వారెన్ సంచికల చివర కెప్టెన్ కంపెనీ అనే తపాలా వ్యాపారం ప్రకటనలు ఉంటాయి: రబ్బరు ముసుగులు, రాక్షసుల బొమ్మల కిట్లు, 8 మిల్లీమీటర్ల సినిమా రీళ్ళు. ఆనాటి కుర్రవాళ్ళు ఆర్డరు కూపన్లు కత్తిరించి పంపేవారు కాబట్టి, వెనుక పేజీలో చదరపు రంధ్రం ఉన్న ప్రతులు తరచుగా ఎదురవుతాయి. కూపన్ పోయిన పేజీ వెనుక వైపు కథ ఉంటే ఆ కథ కూడా పోయినట్టే. అమ్మే వ్యక్తి అట్ట ఫోటో మాత్రమే పెట్టి ఉంటే, నడిమి పేజీలు, చివరి పది పేజీలు, వెన్ను దగ్గరి ఫోటోలు పంపమని మర్యాదగా అడగండి. పంపనంటే వదిలేయండి, ఇవి అంత అరుదైనవేమీ కావు.

కాగితం రంగును కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ పత్రికలు చవక చెక్కగుజ్జు కాగితం మీద అచ్చయ్యాయి. దానిలోని ఆమ్లం కాగితాన్ని ఏళ్ళ తరబడి లోలోపల తినేస్తుంది. లేత మీగడ రంగు పరవాలేదు. టీ నీళ్ళ రంగుకు వచ్చినా చదవవచ్చు. పెళుసుబారిందో లేదో చూడటానికి మూల మడిచి పరీక్షించకండి, ఆ పరీక్షే పేజీని విరిచేస్తుంది. పత్రిక ఉన్న ప్లాస్టిక్ సంచి అడుగున గోధుమరంగు పొట్టు రాలి ఉందేమో చూస్తే చాలు. చేతికి అందినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తే మిగతావాటితో కలపకుండా వేరే గదిలో ఉంచండి.

ఈ పరీక్షలు అలవాటు కావాలంటే హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం బజారులో పాత వారపత్రికలను, మాసపత్రికలను తిరగేయండి. అమెరికన్ సంచికలు అక్కడ దొరుకుతాయని ఆశపడకండి, కానీ పిన్నుల తుప్పు, తేమ మరక, పెళుసు కాగితం ఏ దేశంలోనైనా ఒకటే.

ధర తెలుసుకుని కొనండి

ఈబేలో అమ్మేవారు అడుగుతున్న ధరలను పట్టించుకోకండి, అమ్ముడుపోయిన ధరలను మాత్రమే చూపించే వడపోత అక్కడే ఉంది. అదే సంచిక అదే స్థితిలో కొన్ని నెలలుగా ఎంతకు పోతోందో చూసి, ఒక హద్దు రాసుకుని, వేలంలో ఆ హద్దు దాటకండి. సంచికల వివరాలకు, అట్టలను పోల్చుకోవడానికి గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే వెబ్‌సైటు ఉచితంగా ఉపయోగపడుతుంది. 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం ఏయే సంచికలు ముఖ్యమైనవో తెలుసుకోవడానికి మంచిదే గానీ, మార్కెట్టు దానికంటే వేగంగా కదులుతుంది. 'క్రీపీ' 1, 'వాంపిరెల్లా' 1 వంటి తొలి సంచికలకు పోటీ ఎక్కువ. మిగతావాటిని విడివిడిగా కాక, పదీ ఇరవై కలిపి అమ్మే కట్టలుగా కొని, మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటిని అమ్మేయడం చవక పద్ధతి.

సీజీసీ వంటి సంస్థలు ప్రతిని పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తాయి. ఎక్కువ డబ్బు పెట్టి తొలి సంచిక కొంటున్నప్పుడు, దిద్దుబాట్లు జరిగాయో లేదో చెప్పే సాక్ష్యంగా అది పనికివస్తుంది. మిగతా సందర్భాల్లో తెరిచి చదవడానికి వీల్లేని పత్రికకు అదనంగా డబ్బు కట్టడం నాకు అర్థం కాని ముచ్చట. కథలు మాత్రమే కావలసినవారు అసలు సంచికల వెంట పడనక్కరలేదు: డార్క్ హార్స్ సంస్థ 2008 నుంచి 'క్రీపీ' సంచికలను గట్టి అట్టల సంపుటాలుగా వరుసగా పునర్ముద్రించింది. అవి చదివి, నచ్చిన కథలున్న అసలు సంచికను మాత్రమే కొనుక్కునేవారిని నేను తెలివైన సేకర్తలు అంటాను.

డబ్బు కట్టే ముందే ప్యాకింగ్ గురించి మాట్లాడుకోండి. పత్రిక కంటే అన్ని వైపులా రెండు అంగుళాలు పెద్దవైన రెండు గట్టి అట్టముక్కల మధ్య, టేపు పత్రికకు తగలకుండా పెట్టమని చెప్పండి. అమెరికాలో కొనేవారికి ఒక మాట: పుస్తకాలకు వర్తించే చవక మీడియా మెయిల్ ప్రకటనలున్న పత్రికలకు వర్తించదు. కట్టను విప్పి చూస్తే మిగతా తపాలా ఖర్చు మీ దగ్గర వసూలు చేయవచ్చు.

భారతదేశానికి తెప్పించుకునేవారు రవాణా ఖర్చును, కస్టమ్స్ సుంకాన్ని కలిపి చూసుకోవాలి, చాలాసార్లు అవి పత్రిక ధరను మించిపోతాయి. అందుకే బంధువులు వచ్చేటప్పుడు సూట్‌కేసు అడుగున బల్లపరుపుగా పెట్టి తెప్పించుకోవడం మనవాళ్ళ పద్ధతి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. అమెరికాలో గెయిన్స్‌ను నిలదీసిన ఆ గాలి ఇక్కడికీ వీచి, 1956లో మన పార్లమెంటు యువజనులకు హానికరమైన ప్రచురణల చట్టం చేసింది. నేరాలను, క్రూరత్వాన్ని, జుగుప్సాకరమైన సంఘటనలను బొమ్మల కథలుగా చూపి పిల్లలను చెడగొట్టే ప్రచురణల అమ్మకం, పంపకం దాని పరిధిలోకి వస్తాయి. మీ అలమరలోని సేకరణకు దీనితో ఇబ్బంది ఉండదు గానీ, మిగిలిన ప్రతులను ఇక్కడ అమ్మాలనుకున్నప్పుడు కొనేవారు పెద్దవారేనని చూసుకోండి.

దాచుకునే పద్ధతి

ఈ పత్రికలు సుమారు ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల ఎత్తు ఉంటాయి. మామూలు కామిక్ సంచుల్లో పట్టవు. మ్యాగజైన్ సైజు సంచులు, పత్రిక వెనుక ఆసరాగా పెట్టే ఆమ్లరహిత అట్టముక్కలు అని అడిగి తెప్పించుకోండి. విలువైనవాటికి మైలార్ అనే పాలియెస్టర్ సంచులు వాడండి. మిగతావాటికి పాలీప్రొపిలీన్ చాలు, కానీ కొన్నేళ్ళకోసారి మార్చాలి. బజారులో దొరికే మెత్తని పీవీసీ కవర్లు అట్ట మీది సిరాకు అంటుకుంటాయి కనుక వాటిని అసలు వాడకండి. పిన్నులు తుప్పు పట్టాయని ఊడదీసి కొత్తవి వేయకండి. చిరుగులకు సెల్లో టేపు అతికించకండి, పదేళ్ళలో ఆ టేపు పసుపు మరకగా మారుతుంది.

పెట్టెల్లో నిలువుగా, ఒరిగిపోకుండా, మరీ బిగుతుగా కాకుండా నిలబెట్టండి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో గాలిలోని తేమ పెద్ద శత్రువు. గోడకు ఆనించిన బీరువాలో, స్నానాలగది పక్క గోడ దగ్గర పెట్టకండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, వానకాలంలో వాటిని పొయ్యి వేడిలో ఆరబెట్టి మళ్ళీ వాడండి. పత్రికలను మాత్రం ఎండలో ఆరబెట్టకండి, అట్టలోని ఎరుపు ముందు వెలిసిపోతుంది, భయానక పత్రికకు ఎరుపు పోతే మిగిలేది ఏమీ ఉండదు. కలరా ఉండలు కాగితానికి దగ్గరగా పెట్టవద్దు. వెండి రంగు పురుగులు కనిపిస్తే ఆ పత్రికను గాలి చొరబడని సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచి, బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి. వెంటనే విప్పితే చల్లని కాగితం మీద నీటి ఆవిరి పేరుకుంటుంది. చెదల సంగతి వేరు, అవి పెట్టెను కాదు ఇంటినే పట్టుకుంటాయి కాబట్టి నేల మీద నేరుగా ఏ పెట్టెనూ ఉంచకండి.

చదివేటప్పుడు చేతులు కడిగి తుడుచుకుని, పత్రికను బల్ల మీద ఉంచి, పూర్తిగా వెనక్కి మడవకుండా, సగం తెరిచిన తలుపులా పట్టుకుని చదవండి. చివరగా ఒక నోటు పుస్తకంలోనో కంప్యూటర్ పట్టికలోనో ప్రతి సంచిక పేరు, సంఖ్య, నెల, సంవత్సరం, మీరు వేసిన స్థితి అంకె, కొన్న ధర, ఎవరి దగ్గర కొన్నారో రాసి, అట్ట ఫోటో ఒకటి జతచేయండి. మీ తరువాత ఆ పెట్టెలను విప్పే కుటుంబసభ్యులకు అర్థమయ్యేలా, ఏవి విలువైనవో, ఏవి చదివి ఎవరికైనా ఇచ్చేయవచ్చో కూడా అందులోనే తెలుగులో రాసి పెట్టండి.